కవిరాజు ‘వివాహవిధి’ : ఆచారము ఏర్పడు తీరు

కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) కృతులను గూర్చి ముచ్చటించునపుడు విమర్శకుల దృష్టి ‘సూతపురాణము’, ‘శంబుకవధ’లపై నిలుచుట పరిపాటి. ‘వివాహవిధి’ ప్రయోగగ్రంథమే కాని కావ్యము కాదను భావన ఇందుకు కారణము కావచ్చును. కాని ఆచారమెట్లు పుట్టునో, ఎట్లు మారునో విచారింపగోరువారు ఈ పొత్తమును ఉపేక్షింపరాదు.

పెండ్లితంతును తెలుగున నడపుట దీని ఉద్దేశము. వధూవరులు తాము పలుకు ప్రతిజ్ఞల అర్థమును తామే గ్రహింపవలెనని కవి ఆశయము. అయితే ఒక ఆచారము యుక్తమని తోచినంతమాత్రమున జనులు దానిని చేపట్టరు. తక్కినవారు చేపట్టుదురను నమ్మకము కలుగవలెను.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు జరిపించిన తొలి వితంతు వివాహమును దీనితో పోల్చి చూతము. దానికి 1856 నాటి శాసనపు అండ కలదు. పరాశరస్మృతి ప్రమాణమును కలదు. అయినను వెలి తప్పలేదు. శాసనము, శాస్త్రము అనుకూలించినను పంక్తిని కూర్చుండు బంధువులు కరవైరి.

‘వివాహవిధి’ స్థితి ఇందుకు విపర్యము. ప్రత్యేక శాసనబలము దానికి లేదు. శాస్త్రానుమతిని అది కోరలేదు. కాని కవిరాజు తానే పౌరోహిత్యము వహించి తెలుగు పెండ్లిండ్లు జరిపించెను. తాడేపల్లి మొదలు తెనాలి వరకు గల పల్లెలు వియ్యములతో అల్లుకొన్నవి. నేటి పెండ్లికి అతిథియైనవాడు రేపటి పెండ్లికి కర్త యగును. కావున ఈ గ్రంథమునకు నిజమైన పాఠకులు పందిరిలోని జనులే.

దీని పరిమితియు స్పష్టమే. 1955 నాటి హిందూ వివాహచట్టము ఆచారసిద్ధమైన తంతును గుర్తించును. చిరకాలము ఎడతెగక, ఏకరీతిగా పాటింపబడినదే ఆచారమని నిర్వచించును. క్రొత్త తంతునకు ప్రాచీనత ఎక్కడిది? మద్రాసు రాష్ట్రము 1967లో 7-ఎ విభాగమును చేర్చి ఆత్మగౌరవ వివాహములకు ఈ చిక్కును తొలగించెను. మన ప్రాంతమున నేటికిని అధికసంఖ్యాకులు సంస్కృత మంత్రములతోడనే పెండ్లాడుచున్నారు. ‘వివాహవిధి’ పాతదానిని తొలగింపలేదు. రెండవ మార్గమొకటి కలదని పదుగురి యెదుట నిరూపించినది. దాని విజయమింతియే, ఇది అల్పము కాదు.

పరిశోధక విద్యార్థులు గ్రంథపాఠముతో తృప్తిపడక, ఆనాటి శుభలేఖలను, చదివింపుల పద్దులను సేకరింపవలెను. ఏ పెండ్లికి ఎవరు వచ్చిరో తెలిసిననాడు, ఆచారము ఏ యింటినుండి ఏ యింటికి నడచినదో తెలియగలదు.