పాట రాయిది, పేరెవరిది?

రోలింగ్ స్టోన్ పత్రిక భారతీయ ఎడిషన్ 2008లో ముంబయి నుంచి మొదలైంది. ఆ తొలి రోజుల్లోనే ఒక సంచిక హైదరాబాద్‌లో కొన్నాను. నాందేడ్ దారి పట్టిన బస్సులో, పిట్లం దాటేదాకా తిరగేస్తూ కూర్చున్నాను. వెళ్తున్నది డోంగ్లికి, మా అమ్మ పుట్టిన ఊరికి. పత్రిక పేరు కింద చిన్న అక్షరాల్లో 'ఇండియా' అని ఉంది. ఆ ఒక్క మాట చేర్చడంతో ఒక అంతర్జాతీయ పత్రిక మనదైపోతుందా అని అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇన్నేళ్లలో పెరిగి పెద్దదయింది. ఈమధ్య ఒక క్లాసులో ఒకమ్మాయి, "అలాంటి పత్రిక తెలుగులో వస్తే ఎంత బాగుంటుంది మేడమ్" అన్నప్పుడు వెంటనే ఔనని అనలేకపోయాను. కాదని కూడా అనలేకపోయాను. ఆ తడబాటు ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ పత్రికకు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. 1967 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వెన్నర్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడు, రాల్ఫ్ గ్లీసన్ అనే సీనియర్ విమర్శకుడు కలిసి దాన్ని మొదలుపెట్టారు. అప్పటిదాకా కుర్రకారు కాలక్షేపంగా చూసిన సంగీతాన్ని సాహిత్యాన్ని చదివినంత శ్రద్ధగా చదవవచ్చని చూపించారు. ముఖ్యంగా వాళ్ల సుదీర్ఘమైన ఇంటర్వ్యూలు. పాట ఎలా పుట్టింది, ఆ మాట ఎందుకు వాడావు, ఆ వాయిద్యం అక్కడెందుకు ఆగింది అని గాయకుణ్ణే అడిగారు. పాడేవాడు తన పాటకు తొలి విమర్శకుడు కూడా అని ఒప్పుకున్నారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ ఒప్పుకోలు ఎవరికి దక్కింది? రెండో సంచిక ముఖచిత్రం మీదే టీనా టర్నర్ ఉంది. ఆ తర్వాత జానిస్ జాప్లిన్ వచ్చింది. అట్ట మీద ఆడవాళ్లు లేరని ఎవరూ అనలేరు. కానీ 1969 ఫిబ్రవరిలో స్త్రీల గురించి ప్రత్యేక సంచిక వేసినప్పుడు వాళ్లు ఎంచుకున్న విషయం 'గ్రూపీలు', అంటే బ్యాండ్ల వెంట తిరిగే అమ్మాయిలు. అప్పటికే 1968 నుంచి న్యూయార్కర్ పత్రికకు తొలి పాప్ సంగీత విమర్శకురాలిగా రాస్తున్న ఎలెన్ విల్లిస్, 1970లో ఈ పత్రిక స్త్రీ వ్యతిరేకి అంటూ దానికి రాయడానికి నిరాకరించింది. కొన్నేళ్ల తర్వాత రాసింది కూడా. బయట ఉండి పోట్లాడటం, లోపలికి వెళ్లి రాయడం రెండూ మనకు తెలిసిన అవస్థలే కదా. రచయిత్రిగా ఆ పత్రిక సిబ్బంది పట్టికకెక్కిన మొదటి స్త్రీ రాబిన్ గ్రీన్. ఆమె 2018లో తన జ్ఞాపకాలను పుస్తకంగా వేస్తూ పెట్టుకున్న పేరుకు అర్థం 'ఒకే ఒక్క అమ్మాయి'. ఆ పేరు చాలు, ఆ గది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి.

ఇదంతా పాత కథ అనుకునేలోగా 2023 సెప్టెంబరు వచ్చింది. వెన్నర్ తన ఇంటర్వ్యూలను ఏర్చి 'ది మాస్టర్స్' అనే పుస్తకం తెచ్చాడు. అందులో ఏడుగురు. ఏడుగురూ తెల్ల మగవాళ్లే. స్త్రీలెవరూ లేరేమని న్యూయార్క్ టైమ్స్ అడిగితే, ఆ స్థాయిలో తమ సంగీతం గురించి ఆలోచనాత్మకంగా మాట్లాడగలిగిన స్త్రీలు లేరన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. జోనీ మిచెల్ పేరెత్తి మరీ ఆమె రాక్ సంగీత తాత్వికురాలు కాదన్నాడు. నల్లజాతి కళాకారుల గురించీ దాదాపు అదే మాట. మర్నాడే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు తమ బోర్డు నుంచి అతన్ని తొలగించారు. అతను క్షమాపణ చెప్పాడు. అప్పటికే పత్రిక అతని చేతుల్లో లేదు.

ఆ జవాబును నోటి తొందర అనుకుని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. గమనించండి, స్త్రీలు పాడలేరని అతననలేదు. పాడగలరు, కానీ తాము పాడినదాని గురించి మాట్లాడలేరు అన్నాడు. గొంతు ఆమెది, ఆలోచన అతనిది అనే విభజన ఇది. మన సాహిత్య చరిత్రలోనూ దీన్ని చూశాం. స్త్రీలది 'అనుభూతి', పురుషులది 'దర్శనం' అని ఎన్ని పీఠికల్లో చదువుకోలేదు!

ఇక ఎడిషన్ సంగతి. ఒక పత్రిక కొత్త దేశానికి వెళ్లినప్పుడు ముందుగా వచ్చేది సంగీతం కాదు, చట్రం. ముఖచిత్రానికి ఒక తార, లోపల ఆల్బమ్, దానికో విడుదల తేదీ, దానికో కంపెనీ, చివర్లో అయిదింటికి ఇన్ని నక్షత్రాలు. ఈ గళ్లలో ఇమిడినది సంగీతం, ఇమడనిది జానపదం. 1969లోనే మిక్ జాగర్ భాగస్వామ్యంతో లండన్‌లో రోలింగ్ స్టోన్ బ్రిటిష్ ఎడిషన్ పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. అక్కడ పనిచేసినవాళ్లు బయటికొచ్చి 'ఫ్రెండ్స్' అని సొంత పత్రిక పెట్టుకున్నారు. భాష ఒకటే అయిన చోటే చట్రం అంత ఇరుకైతే, ఇన్ని భాషల దేశంలో ఏమవుతుంది? 2008లో మనకొచ్చింది ఇంగ్లీషు పత్రిక. దాని దృష్టిలో మొత్తం ఇండియా ఒక 'ప్రాంతం'. మహానగరాల్లో గిటారు పట్టుకున్న కుర్రాళ్లకు అది నిజంగా ఒక వేదిక ఇచ్చింది, కాదనను. కానీ నా ఒళ్లో ఆ పత్రిక ఉండగా బస్సు వెళ్తున్న ప్రాంతం ఏ ఎడిషన్ కిందికి వస్తుంది?

డోంగ్లిది ఏ ప్రాంతమో చెప్పడం తేలిక కాదు. 1956లో రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అప్పట్నుంచి ఈ వైపు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. 2022లో డోంగ్లి మండలమైంది. కాగితాలు ఇన్నిసార్లు మారినా ఇళ్లల్లో మరాఠీ పోలేదు. మా ఆజీ మరాఠీలో దేవుణ్ణి మొక్కేది, తెలుగులో కూలి లెక్క చెప్పేది, కోపమొస్తే రెండూ కలిపేది. తెలుగు ఎడిషన్ అంటే ఈ ఊరు అందులోకి సగమే వస్తుంది. మరాఠీ ఎడిషన్‌లోకి అసలే రాదు.

1990ల మొదట్లో ఎం.ఫిల్. కోసం నేను అక్కడ విసుర్రాయి పాటలు రాసుకున్నాను. అప్పటికే పిండి గిర్నీకి పోతోంది. పప్పు మాత్రం ఇంకా ఇంట్లోనే విసిరేవాళ్లు. ఆజీ ఇంటికి పనికొచ్చే ఒకామె జాతం ముందు కూర్చుని ఓవీలు పాడేది. నేను ఆమెను మావ్శీ అని పిలిచేదాన్ని. ఆమె నన్ను బాయీ అనేది. పిలుపులు చుట్టరికంలా ఉన్నా ఎవరు విసురుతున్నారో, ఎవరు నోట్‌బుక్కు పట్టుకుని పీట మీద కూర్చున్నారో ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు, "ఈ పాట నీకెవరు నేర్పారు?" అని అడిగాను. మరాఠీ, తెలుగు కలిపి చెప్పింది: "జొన్నలైతె రాయి బరువుగ గుంజుతది బాయీ, పాట మెల్లగ నడుస్తది. పప్పయితె రాయి ఉరుకుతది, పాట గూడ ఉరుకుతది. పాట నాది గాదు, రాయిది." ఇంకో మాట కూడా అంది. అత్త మీది చరణం వచ్చినప్పుడు వసారాలో ఎవరున్నారో చూసుకుని గొంతు తగ్గిస్తుందట, ఎవరూ లేకపోతే ఇంకో రెండు చరణాలు కలుపుతుందట.

లయకూ శ్రమకూ ఉన్న సంబంధం, పాఠానికీ శ్రోతకూ ఉన్న సంబంధం రెండు ముక్కల్లో చెప్పిందామె. తర్వాత నేను విశ్వవిద్యాలయంలో వీటి గురించే ఎన్నో పేజీలు చదివాను. కానీ ఆ రోజు ఆ మాటలు నోట్‌బుక్కులో రాసుకోలేదు. అవి కబుర్లనుకున్నాను, పాటే 'మెటీరియల్' అనుకున్నాను. పేజీ అడుగున ఊరి పేరు, సంవత్సరం, 'సేకరణ' అని నా పేరు రాసుకున్నాను. ఆమె పేరు రాయలేదు. వెన్నర్ మీద నాకు ఎంత కోపం వచ్చినా, ఆ నోట్‌బుక్కు తెరిచినప్పుడు ఆ కోపం నా దాకా వచ్చి ఆగుతుంది. అతను ఏడుగురితో పుస్తకం వేశాడు. నేను ఒక్క పేరూ లేకుండా డిగ్రీ తెచ్చుకున్నాను.

వేరేలా చేయవచ్చని తెలిసింది చాలా ఆలస్యంగా. హేమా రాయిర్కర్, గీ ప్వాత్వా మహారాష్ట్ర పల్లెల్లో తిరిగి లక్షకు పైగా ఓవీలు సేకరించారు. వాటిని 2017 నుంచి పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా ప్రచురించింది. అక్కడ పాట పక్కన పాడినామె పేరుంది, ఊరుంది, కులముంది, చేసే పని ఉంది, ఫొటో ఉంది. మాజల్‌గావ్ దళిత వాడలో స్త్రీలు అంబేడ్కర్ గురించి కట్టుకున్న ఓవీలు చదువుతుంటే, విసుర్రాయి పాటంటే పుట్టిల్లు, అన్నదమ్ములు, సీత అని నేను రాసిన అధ్యాయం ఎంత చిన్నదో తెలిసింది. పేరు రాయడం మర్యాద కోసం మాత్రమే కాదు. పేరు, కులం, వాడ తెలిస్తేనే ఆ పాట ఏ గొంతులోంచి ఏ కసితో వచ్చిందో తెలుస్తుంది.

మన దగ్గర 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు 'స్త్రీల రామాయణపు పాటలు' అచ్చువేసింది. బిరుదురాజు రామరాజు గారి పరిశోధన జానపద గేయానికి విశ్వవిద్యాలయంలో చోటిచ్చింది. వాళ్లు పూనుకోకపోతే మనకు ఈ మాత్రం మిగిలేది కాదు. అయినా నేను చూసిన సంకలనాల్లో ఎక్కువవాటిలో సేకర్త పేరు అట్ట మీద ఉంటుంది, పాడినవాళ్లు 'స్త్రీలు' అనే బహువచనంలో కరిగిపోతారు. ఈ విషయంలో పెద్దల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేనూ అదే చేశాను.

సంగీతం చేసే స్త్రీ మాట్లాడలేదనే మాటకు తెలుగులో జవాబు ఎప్పుడో వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ గాయని. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి, తన పీఠికలో వీరేశలింగం గారిని నిలదీసింది. పురుషులు రాస్తే శృంగారం, స్త్రీ రాస్తే బూతు ఎలా అవుతుందని వాదించింది. మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో ప్రకాశం పంతులు గారి హయాంలోగాని తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజుకు గుడి కట్టించిందీ ఆమే. అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే, స్త్రీలతో వేరే ఆరాధన జరిపించింది. ఆమెను మనం దేవదాసి చరిత్రలో, సెన్సారు చరిత్రలో చదువుతాం. సంగీత విమర్శ, సాహిత్య విమర్శ కలిసి చేసిన మనిషిగా ఎప్పుడు చదువుతాం?

క్లాసులో అడిగిన అమ్మాయికి నా జవాబు ఇప్పుడు చెప్పగలను. పత్రిక రావాలి. కానీ ఎవరో ఇచ్చిన పేరుకు కింద 'తెలుగు' అని చేర్చుకుని కాదు. ఆ పత్రికలో మనం తీసుకోవాల్సింది ఒక్కటే, పాడే మనిషిని కూర్చోబెట్టి ఆమె పాట గురించి ఆమెనే సుదీర్ఘంగా అడగడం. ఆల్బమ్ లేని పాటను, విడుదల తేదీ లేని పాటను, రెండు భాషల్లో ఒకేసారి ఉన్న పాటను అడగడం. నక్షత్రాలు వేయకుండా వినడం.

మొన్న డోంగ్లి వెళ్లినప్పుడు మావ్శీ అసలు పేరేమిటని ఆమె ఈడు వాళ్లను అడిగాను. ఆమె పోయి చాలా కాలమైంది. ముగ్గురిని అడిగితే మూడు పేర్లు చెప్పారు. ఒకటి పుట్టింటి పేరట, ఒకటి పెళ్లప్పుడు మార్చిన పేరట, మూడోది కొడుకు పేరు చివర 'అమ్మ' చేర్చి పిలిచినది. ఏది రాయాలో తెలియక నోట్‌బుక్కులో పేరుండాల్సిన చోట ఒక గీత గీసి వదిలేశాను. దాని కింద జొన్నల గురించి, పప్పు గురించి, రాయి గురించి ఆమె చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు రాశాను. 'సేకరణ' పక్కనున్న నా పేరు కొట్టేశాను.