ఓడస్తంభాల ఎత్తు: బూగేర్ గ్రంథ విమర్శ

తెరచాప స్తంభాలను ఓడలో ఎచ్చట, ఎంత ఎత్తున నిలపాలి? 1727లో పారిస్ విజ్ఞాన అకాడమీ ఈ ప్రశ్నపై ఇచ్చిన బహుమతి పియేర్ బూగేర్ గ్రంథానికి లభించింది. పోటీచేసినవారిలో 20 ఏండ్ల ఆయిలర్ ఒకరు.

అంతవరకు ఫ్రెంచి యుద్ధనౌకలు కట్టే వడ్రంగులకు నిష్పత్తులే ఆధారం. ప్రధానస్తంభం పొడవు ఓడ వెడల్పుకు సుమారు రెండున్నర రెట్లు; చాపలు కట్టే అడ్డకొయ్యల పొడవు కూడ వెడల్పునుబట్టియే. ఈ పద్ధతిలోని లోపాన్ని విద్యార్థులే లెక్కకట్టవచ్చును. ఓడ కొలతలన్నీ రెట్టింపు చేసితిమనుకొనుడు. చాపల వైశాల్యం 4 రెట్లు, వాటి ఎత్తు 2 రెట్లు. కనుక అదే గాలిలో ఓడను ఒరగదోసే భ్రామకం 8 రెట్లవుతుంది. ఓడ బరువు 8 రెట్లు కావడంచేత, దానిని తిరిగి నిలబెట్టే భ్రామకం 16 రెట్లు! ఒకే నిష్పత్తి చిన్న ఓడకూ, పెద్ద ఓడకూ సమంగా తగదన్నమాట.

నిష్పత్తిని “ఎందుకు?” అని ప్రశ్నించడమే బూగేర్ ఘనత. గాలి తోపునకూ, ఓడ ముందుభాగంపై నీటి నిరోధానికీ పొత్తు కుదిరేట్లు స్తంభం ఎత్తును గణించాడు. అయితే ఆయన నమ్మిన నిరోధసూత్రం, అనగా తాకిడి కోణపు సైన్ వర్గాన్ని అనుసరించేది, 1775లో దాలంబేర్, కొందోర్సే, బొస్సూ జరిపిన ప్రయోగాలకు నిలువలేదు. ఓడ నిలకడను కొలిచే మెటాసెంటర్ భావనను 1746లోగాని ఆయన ప్రకటించలేదు.

సమాధానం నిలువకపోయినా, ప్రశ్నను వడ్రంగి కొలబద్దనుండి యంత్రశాస్త్రంలోకి తెచ్చిన గ్రంథమిది. దాని విలువ అందులోనే ఉన్నది.