గొడ్లసావిడి గురువులు

కాలిఫోర్నియా తూర్పు అంచున, కొండల నడుమ ఒక ఎడారి లోయలో డీప్ స్ప్రింగ్స్ కాలేజీ ఉంది. విద్యుత్తు రంగంలో తొలితరం పారిశ్రామికవేత్త ఎల్.ఎల్. నన్ 1917లో స్థాపించాడు. విద్యార్థులు ముప్పై మందికి అటూ ఇటూ. ఫీజు లేదు. రెండేళ్ల చదువుతో పాటు వారానికి దాదాపు 20 గంటలు ఒళ్లు వంచి పనిచేయాలి. పాలు పితకాలి, లూసర్న్ గడ్డికి నీళ్లు కట్టాలి, వండాలి, అంట్లు తోమాలి.

ఈ కాలేజీ మాట వస్తే అందరూ ఆ విద్యార్థుల్నే మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినవాళ్లు ఇంకా ఉన్నారు: వంటశాల, పొలం, పశువులు, యంత్రాలు చూసుకునే సిబ్బంది.

వాళ్లకు చేతికింద దొరికేది కత్తో స్పానరో కొత్తగా పట్టిన పిల్లలు. ఎవరు ఏ పనికి వెళ్లాలో చెప్పే లేబర్ కమిషనర్ కూడా విద్యార్థే. ఆరితేరిన వంటమనిషి తానే దిగితే పని చిటికెలో అయిపోతుంది. కానీ పక్కవాడు ఉల్లిపాయలు అడ్డదిడ్డంగా తరుగుతుంటే ఓపికపట్టి చూడటమే అక్కడ అసలు ఉద్యోగం. వంట రావడం కన్నా ఇది కష్టం.

అలాగని ఎంతసేపైనా చూస్తూ ఊరుకోలేరు. ఆవుకు వేళకు పాలు తీయకపోతే పొదుగు గట్టిపడుతుంది, పొదుగువాపు రావచ్చు. నీళ్లు తప్పిన మడి ఎండుతుంది. భోజనాల వేళకు అందరూ ఆకలితో వస్తారు. పిల్లల్ని ఎంతవరకు తప్పు చేయనివ్వాలి, ఎక్కడ చెయ్యి పట్టి ఆపాలి? ఆ గీత రోజూ గీసుకోవలసింది సిబ్బందే. దీన్ని బోధన అనకపోతే మరి దేన్ని అనాలి!

పైగా, పని నేర్చుకుంటున్న విద్యార్థులకే పాలనలోనూ వాటా ఉంది. అధ్యాపకుల ఎంపికలో వాళ్ల కమిటీది పెద్ద పాత్ర, ట్రస్టీల బోర్డులోనూ ఓటున్న విద్యార్థులు కూర్చుంటారు. పొద్దున ట్రాక్టరు నడపడం సరిగా రాలేదని మందలించిన పిల్లవాడితోనే సాయంత్రం కాలేజీ వ్యవహారాలు సమానంగా చర్చించాలి. చిన్నబుచ్చుకోకుండా ఆ రెండూ చేయగలగడం గొప్ప నేర్పు.

మన రెసిడెన్షియల్ కాలేజీల్లో వంటవాళ్లు సాధారణంగా కౌంటరుకు అవతలే ఉండిపోతారు. వాళ్లకు తెలిసిన విద్య ఏ పిల్లవాడికీ అందదు. డీప్ స్ప్రింగ్స్‌లో ఆ కౌంటరు అడ్డం లేదు. అంతవరకు అబ్బాయిలకే ఉన్న ఈ కాలేజీలో 2018లో తొలిసారి అమ్మాయిలనూ చేర్చుకున్నారు. ఇప్పుడు పాలు పితకడం, పొలం తడపడం అందరూ నేర్చుకుంటున్నారు.

రెండేళ్లకు చేతులు కుదురుతాయి, విద్యార్థులు వెళ్లిపోతారు. ఏ ఆవు తన్నుతుందో, ఏ పంపు మొరాయిస్తుందో తెలిసిన సిబ్బంది మళ్లీ కొత్తవాళ్లకు మొదటినుంచి నేర్పడం మొదలుపెడతారు.