వెళ్లిందిగా అంటే చాలదు

మెయిల్ ప్రోగ్రామ్ పెట్టిపొమ్మని ఎవరైనా పిలిస్తే నేను తీరిగ్గా కూర్చుంటాను. పది నిమిషాల పనికి ఇంతసేపా అంటారు. పేరు, చిరునామా, పాస్‌వర్డ్ ఇస్తే థండర్‌బర్డ్ లాంటివి మిగతా వివరాలు వాటంతటవే వెతుక్కుంటాయి, నిజమే. నా ధ్యాస మాత్రం సర్వర్ సెట్టింగుల పేజీ మీదే ఉంటుంది. మెయిల్ వెళ్లినా, భద్రంగా వెళ్లినా తెర మీద ఒకేలా కనిపిస్తుంది. తేడా తెలిసేది ఆ పేజీలోనే.

వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్, 993 పోర్ట్. వెళ్లే మెయిల్‌కు ఎస్‌ఎంటీపీ, 465 గానీ 587 గానీ. జోనాథన్ పోస్టెల్ 1982లో ఎస్‌ఎంటీపీ నియమాలు రాసినప్పుడు అందులో ఎన్‌క్రిప్షన్ ఊసే లేదు. రక్షణ తర్వాత అతికించిన పొర. ఆ అతుకు 587 దగ్గర కనిపిస్తుంది. అక్కడ సంభాషణ బాహాటంగా మొదలై, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే ఆదేశంతో రహస్యంలోకి మారుతుంది. దారిలో కాపు వేసినవాడు ఆ ఆదేశాన్ని చెరిపేస్తే, మన ప్రోగ్రామ్ కూడా పట్టుబట్టకపోతే, పాస్‌వర్డ్‌తో సహా అంతా బయటపడుతుంది. 465లో మొదటి అక్షరం నుంచే రక్షణ ఉంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2018లో ఈ పద్ధతికే మొగ్గింది. రెండూ దొరికితే నేనూ 465నే పెడతాను.

జీమెయిల్‌తో ఈ బెడద తక్కువ. వ్యక్తిగత ఖాతాల్లో 2022 నుంచి వట్టి పాస్‌వర్డ్‌తో వచ్చే ప్రోగ్రాములను అది రానివ్వడం మానేసింది. విడిగా ఒక విండో తెరిచి అక్కడ లాగిన్ చేయించుకుంటుంది.

అసలు పరీక్ష సొంత డొమైన్ పెట్టుకున్న చిన్న ఆఫీసుల్లో. అన్నీ నింపి ఓకే నొక్కగానే సర్టిఫికెట్ సరిగా లేదని, అయినా మినహాయింపు ఇస్తారా అని ఒక హెచ్చరిక వస్తుంది. "ఓకే కొట్టేయండి సార్, ఎప్పుడూ వచ్చేదే" అంటారు పక్కనున్నవాళ్లు. నేను కొట్టను. మన మాట వింటున్నది మన సర్వరేనని చెప్పే ఏకైక సాక్ష్యం ఆ సర్టిఫికెట్. దాన్ని తోసేస్తే, అవతల ఎవరున్నా వాళ్ల చేతిలో పాస్‌వర్డ్ పెట్టినట్టే. చాలాసార్లు కారణం చిన్నదే. సర్టిఫికెట్ హోస్టింగ్ కంపెనీ పేరు మీద ఉంటుంది, మనం మన డొమైన్ పేరు రాసి ఉంటాం. వాళ్లిచ్చిన సర్వర్ పేరు రాస్తే హెచ్చరిక పోతుంది. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లినా ఇదే గొడవ. గడువు తీరిన సర్టిఫికెట్ అయితే హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి, కొత్తది వచ్చేదాకా ఆగాలి. కారణం తెలిసేదాకా ఆ బటన్ జోలికి వెళ్లకుండా ఉండటమే ఈ పనిలో నేను అన్నిటికన్నా విలువిచ్చే అలవాటు.

ఇంత చేసినా మనం కాపాడింది దారినే. సర్వర్‌లో ఉత్తరం విప్పి ఉన్నట్టే. ఉత్తరానికే తాళం కావాలంటే పీజీపీ. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో దాన్ని విడుదల చేసి, అమెరికా ప్రభుత్వ విచారణను ఏళ్ల తరబడి ఎదుర్కొన్నాడు. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2012 చివర్లో పేరు చెప్పకుండా విలేకరి గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కు రాసినప్పుడు ముందుగా అడిగింది పీజీపీ పెట్టుకోమనే. కష్టమనిపించి ఆయన వాయిదా వేశాడు. అంత పెద్ద వార్త ఒక సెటప్ దగ్గర ఆగిందంటే తప్పు ఆయన మీద వేయలేను. ఆ సాఫ్ట్‌వేర్ అప్పట్లో మనుషుల కోసం తయారైనట్టు ఉండేది కాదు. 2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78 నుంచి ఆ సదుపాయం ప్రోగ్రామ్‌లోనే ఉంది.

అందరికీ పీజీపీ పెట్టుకోమని చెప్పను. లాయర్లకు, విలేకరులకు చెబుతాను. రహస్య తాళంచెవి పోతే పాత ఉత్తరాలు ఎవరూ తెరవలేరు కనుక, దాని కాపీ పెన్‌డ్రైవ్‌లో బీరువాకు చేరాకే నేను లేస్తాను. అవతలివారి తాళంచెవి మెయిల్‌లో వస్తే అలాగే నమ్మనివ్వను. దాని వేలిముద్రలో సాధారణంగా 40 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, వాటిని ఒకరికొకరు చదివి సరిచూసుకోవాలి. అంత ఓపిక లేదన్నవారికి పీజీపీ అప్పుడే వద్దంటాను.