ఆర్కెస్ట్రా క్లారినెట్ వాదనంలో వ్యాఖ్యాన స్వేచ్ఛ: ఒక పరిశీలన

కీలకపదాలు: క్లారినెట్, స్వరలిపి, గ్లిసాండో, గెర్ష్విన్, రఖ్మానినోవ్, సంగతి.

1. ఉపోద్ఘాతం:

పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో వాదకుడు స్వరకర్త రాసిన స్వరలిపికి కట్టుబడి ఉంటాడు. కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి ఉన్నంత చోటు అక్కడ లేదు. అయినా ఒకే స్వరలిపిని చూసి వాయించిన ఇద్దరి క్లారినెట్ ఒకేలా వినిపించదు. ఈ భేదానికి ఆధారమైన స్వేచ్ఛ ఎక్కడుంది, దాని హద్దులేమిటి అనే అంశాలను రెండు రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. లిపిని దాటిన స్వేచ్ఛ:

జార్జ్ గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ' 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లోని ఎయోలియన్ హాల్‌లో పాల్ వైట్‌మన్ బృందంతో తొలిసారి ప్రదర్శితమైంది. ఆరంభంలో క్లారినెట్‌కు గెర్ష్విన్ రాసినవి ఒక ట్రిల్, దాని వెంట పైకి సాగే 17 స్వరాల వరుస. అభ్యాస సమయంలో వాదకుడు రాస్ గోర్మన్ ఆ వరుసను విడివిడి స్వరాలుగా కాక గ్లిసాండోగా, అంటే జారుడుగా, పరిహాసానికి వాయించారని ప్రతీతి. గెర్ష్విన్ దానిని మెచ్చి కచేరీలోనూ అలాగే వాయించమన్నారు.

దీనిని వాదకుని స్వేచ్ఛకు దక్కిన విజయంగా మాత్రమే చూడడం అసమగ్రం. ఆ మార్పుకు స్వరకర్త సమ్మతి ఉంది. అక్కడ క్లారినెట్ ఒంటరిగా పలుకుతున్నందున తోటి వాద్యాల లయకు భంగం కలగలేదు. పైగా ఆ మార్పే తరువాతి వారికి నియమమైంది. నేడు ఎవరైనా ఆ 17 స్వరాలను విడివిడిగా వాయిస్తే శ్రోతలు దానిని లోపంగా భావించే అవకాశమే ఎక్కువ. శిష్యపరంపరలో చేరిన సంగతులు పాఠాంతరంలో స్థిరపడి, తరువాతి విద్యార్థికి నేర్వవలసిన పాఠంగా మారడం ఇటువంటిదే. జారుడు ఏ స్వరం వద్ద మొదలవాలి, ఎంత నెమ్మదిగా పైకి చేరాలి అన్నవే నేటి వాదకునికి మిగిలిన నిర్ణయాలు.

3. లిపిలోపలి స్వేచ్ఛ:

1908లో తొలిసారి ప్రదర్శితమైన రఖ్మానినోవ్ రెండవ సింఫనీ మూడవ భాగంలోని సుదీర్ఘమైన క్లారినెట్ సోలో ఇందుకు భిన్నమైనది. దాని కింద తంత్రీవాద్యాలు కదులుతూనే ఉంటాయి. క్లారినెట్ ఒక స్వరాన్ని సాగదీస్తే, ఆ వ్యవధిని తరువాతి స్వరాలలో సర్దుకోవాలి. లేదా కండక్టర్, తోటివారు కలిసి ఆగాలి. ఇక్కడ స్వరాలను మార్చే వీలు లేదు. కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఏ స్వరంపై ఒత్తిడి నిలపాలి, నాదాన్ని ఎంతవరకు పలుచన చేయాలి అన్నవాటిని లిపి పూర్తిగా నిర్దేశించలేదు. ఊపిరి తీసుకునే చోటు మారితే పదబంధం విరిగే చోటు మారుతుంది. దానితో భావమూ మారుతుంది.

4. ముగింపు:

లిపి నుంచి ఎంత దూరం జరిగాడన్నది వాదకుని స్వేచ్ఛకు సరైన కొలమానం కాదు. గోర్మన్ చేసిన మార్పు వెంటనే వినిపిస్తుంది గనుక చరిత్రకెక్కింది. రఖ్మానినోవ్ సోలోలో వాదకుడు చేసే ఎంపికలు స్వరలిపితో పోల్చి వింటేనే స్పష్టమవుతాయి. అందువల్ల వాదన విమర్శ స్వరలిపితో పాటు వేర్వేరు ధ్వనిముద్రణలను కూడా మూలపాఠాలుగా స్వీకరించడం అవసరం.