పాకం పట్టిన పేలాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పల్లెల్లో జొన్న పేలాలకు ఏడాదిలో రెండు రూపాలు. ఆషాఢంలో వచ్చే తొలి ఏకాదశికి వాటిని బెల్లంతో కలిపి పిండి కొడతారు. సంక్రాంతి మొదలు శివరాత్రి జాతరల దాకా అవే పేలాలకు బెల్లం పాకం పట్టి ముద్దలు చుడతారు. లేదంటే పల్లీలు, పుట్నాలు, కుడుక ముక్కలు కలిపి, గింజకు గింజ అంటకుండా కరకరలాడేలా ఆరబెడతారు. ఆషాఢంలో పాకం ఎందుకు పట్టరంటే ఆచారం అంటారు. ఆచారమే, కాదనను. కానీ గాలిలో తడి ఎంతుందో కనిపెట్టి, దానికి తగ్గట్టు వండిన ఆడవాళ్ల తెలివి ఆ ఆచారంలో దాగి ఉందని నా నమ్మకం.

బెల్లం సంగతి చూడండి. చెరకు రసాన్ని కాచి దింపిన బెల్లంలో మామూలు చక్కెరతో పాటు కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఇవి, ముఖ్యంగా ఫ్రక్టోజ్, గాలిలోని తేమను లాక్కుంటాయి. అందుకే వానాకాలంలో బెల్లం చెమర్చుతుంది, డబ్బా అడుగున జిగురు కడుతుంది. పేలం మీద పల్చగా అంటిన పాకం పొర ఆ ముసురులో ఒక్క పూట కూడా నిలవదు. పైన బెల్లం కారుతుంది, లోపల పేలం మెత్తబడి తోలులా సాగుతుంది. పిండికి ఆ బాధ లేదు. దాన్ని కరకరలాడమని ఎవరూ అడగరు. కాస్త తడి పీల్చుకున్నా చేతిలో ముద్ద కట్టడానికి అది సాయమే. ఆషాఢ శుద్ధ ఏకాదశి వచ్చేది జూన్ చివర్లోనో జులైలోనో, విత్తనాలు పడి, వానలు కురుస్తున్న రోజుల్లో. ఆ పండుగకు పేలపిండి నైవేద్యం పెట్టి, పెద్దలను తలుచుకుని, ఇంటిల్లిపాదీ తినడం తెలంగాణలో పాత పద్ధతి. చాలామందికి అది పేలపిండి పండుగే.

పిండి పద్ధతి తేలిక. రెండు పాళ్ల పేలపిండికి ఒక పాలు తురిమిన బెల్లం, యాలకులు, చిటికెడు శొంఠి. ఉన్నవాళ్లు వేయించిన పుట్నాలో కుడుకో కలుపుతారు. బెల్లాన్ని పిండిలో వేసి రోట్లో దంచితే రోకలి దెబ్బకు అది కరిగీ కరగకుండా పిండికి పడుతుంది. మిక్సీలో తిప్పితే వేడికి గడ్డ కడుతుంది కాబట్టి ఆపి ఆపి తిప్పాలి. పొయ్యి మీద పాకం అక్కరలేదు. అసలు నైపుణ్యమంతా అంతకు ముందు, గింజ పేలించడంలో ఉంది.

జొన్న గింజ పేలడమంటే లోపలి నీరు ఆవిరై తప్పించుకునే దారి లేక గింజను చీల్చుకుని బయటపడటం. పైపొట్టు గట్టిగా ఉండాలి, లోపల పిండిపదార్థం గాజులా బిగువుగా ఉండాలి, దానిలో తగినంత తడి ఉండాలి. మక్క గింజ మీద జరిగిన పరిశోధనల్లో ఈ పేలుడు దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుందని తేలింది. అప్పటికి లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లు. పొట్టు పగలగానే కరిగిన పిండి ఉబ్బి, చల్లబడి, అక్కడికక్కడే తెల్లటి నురగలా గట్టిపడుతుంది. ఎండిపోయిన గింజలో ఆవిరి పుట్టదు, తడిసి ముద్దైన గింజలో పొట్టు మెత్తబడి ఆవిరిని పట్టి ఉంచలేదు. ఊళ్లలో ఇంత మాట చెప్పరు. జొన్నల మీద ఉప్పునీళ్లు చిలకరించి, బట్టలో మూట కట్టి, రాత్రంతా ఉంచి, పొద్దున నీడన ఆరనిస్తారు. చేత్తో పట్టుకుంటే గింజ చల్లగా తగలాలి, అరచేతికి మాత్రం తడి అంటకూడదు. అంతే కొలత.

పేలించేది మంగలంలో. పగిలిన కుండ అడుగు భాగమే మంగలం. ఇప్పుడు చాలా ఇళ్లలో దాని చోటును ఇనుప మూకుడు తీసుకుంది. మట్టి మంగలం ఆలస్యంగా వేడెక్కుతుంది, కానీ ఎక్కిన వేడిని వదలదు. చల్లటి గింజలు ఒక్కసారిగా పడ్డా చల్లారిపోదు. దానిలో కొంత ఇసుక వేసి కాచి, ఒక్కో పిడికెడు చొప్పున జొన్నలు పోసి, చీపురు పుల్లల కట్టతో ఆపకుండా కలుపుతారు. ఇసుక గింజను నాలుగు వైపులా ఒకేసారి వేడి చేస్తుంది, ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా మిగలనివ్వదు. ఎక్కువ పోస్తే వేడి పంచుకుపోయి గింజ పగులుతుందే కానీ విచ్చుకోదు. జనగామ దగ్గరి ఒక పల్లెలో పొయ్యి ముందు కూర్చున్న పెద్దమ్మ పని చూస్తూ నిలబడ్డ నాతో అన్న మాట మరిచిపోలేను: “మంట దిక్కు సూడకు బిడ్డా, సప్పుడు ఇను.” మొదట ఒకటీ అరా టప్ టప్, తర్వాత ఎడతెగని చిటపట, మళ్లీ ఒకటీ అరా. ఆ రెండోసారి నెమ్మదించగానే ఆమె మంగలంలో ఉన్నదంతా జల్లెడలోకి వంచేసింది. ఇంకొక్క ఊపిరి ఆగినా అప్పటికే పేలినవి అంచుల దగ్గర ఎర్రబారి చేదెక్కేవి. పేలకుండా మిగిలిన గింజల కోసం కాచుకుని పేలినవాటిని పాడు చేసుకోకూడదన్నది ఆమె లెక్క. జల్లెడలో ఇసుక కిందికి జారింది. తర్వాత పేలాలను చాటలో పోసి చెరిగి, అడుగున చేరిన గట్టి గింజలను పక్కకు తీసింది. అవి పంటి కింద పడితే పన్ను విరగడమే. వాటినీ పారేయరు, విసిరి పిండిలో కలిపేస్తారు.

పిండికి కాస్త మాడినా, కాస్త ముక్కలైనా చెల్లుతుంది. పాకానికి చెల్లదు. గింజ నిండుగా విచ్చుకోవాలి, పొడి లేకుండా చెరిగి ఉండాలి. పొడి ఉంటే పాకాన్నంతా అదే తాగేస్తుంది.

ఇక పాకం. నాలుగు సోలల పేలాలకు ఒక సోల తురిమిన బెల్లం, బెల్లం తడిసేటన్ని నీళ్లు మాత్రమే. ఎక్కువ నీళ్లు పోస్తే అవి ఆవిరయ్యే దాకా కాచాలి, ఈలోగా బెల్లం రంగు మారుతుంది. బెల్లం కరగగానే ఒకసారి వడగట్టాలి. ఇసుక, చెరకు పీచు ఉండనే ఉంటాయి. ఆపైన జరిగేదంతా నీరు పోగొట్టడమే. చక్కెర పాకం లెక్కలు తీసుకుంటే, చల్లటి నీళ్లలో వేసిన చుక్క మెత్తటి ఉండ అయ్యే దశ, అంటే సుమారు 115 డిగ్రీల దగ్గర, దానిలో ఇంకా నూటికి 15 పాళ్ల నీరు ఉంటుంది. 135 ప్రాంతానికి వచ్చేసరికి అది 5 పాళ్లకు దిగుతుంది. 150 దాటితే ఒక పాలు. చక్కెరను అక్కడి దాకా తీసుకుపోవచ్చు, బెల్లాన్ని తీసుకుపోలేం, మాడి చేదెక్కుతుంది. కాబట్టి మెత్తటి ఉండ పాకం అరిసెలకు, గట్టి ఉండ పాకం ముద్దలకు. విడివిడి పేలాలకు ఇంకాస్త ముదిరి, నీళ్లలో వేసిన చుక్క పళ్లెం మీద ఠంగుమని మోగే పాకం కావాలి. కొరికి చూస్తే పంటికి అంటకుండా పటుక్కున విరగాలి. అంటుకుందంటే నీరు ఇంకా ఉంది. ఆ పాకంతో చేసినవి మర్నాటికే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ ఒక్క పరీక్షను మాత్రం తొందరపడి వదిలేయొద్దు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. పేలాలు వేడిగా ఉండాలి. చల్లటి పేలాలను పాకంలో వేస్తే తగిలిన చోటే పాకం గడ్డకట్టి నాలుగు గింజలకు అంతా అంటి, మిగిలినవి తెల్లగా ఉండిపోతాయి. పేలాలు, వేయించి పొట్టు తీసిన పల్లీలు, పుట్నాలు, సన్నగా తరిగిన కుడుక, నువ్వులు అన్నీ వెడల్పాటి గంజులో సన్న సెగ మీద వెచ్చగా ఉంచుకుని, పాకం దింపగానే చెంచాడు నెయ్యి, చిటికెడు వంటసోడా వేసి కలిపి, పొంగుతుండగానే వాటి మీద పోయాలి. బెల్లంలోని పులుపు తగిలి సోడా నుంచి వాయువు పుడుతుంది, ఆ బుడగలు పాకంలో చిక్కుకుని పొర గుల్లగా, తేలిగ్గా విరిగేలా తయారవుతుంది. సోడా ఎక్కువైతే సబ్బు వాసన. నెయ్యి గింజకూ గింజకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఆ తర్వాత రెండు గంటెలతో కింది నుంచి పైకి ఎత్తి వదులుతూ, నలగకుండా కలపాలి. సెగ మీదే మరో ఐదారు నిమిషాలు తిప్పితే పొరలో మిగిలిన తడి కూడా పోతుంది. పళ్లెంలో పల్చగా పరిచి, గోరువెచ్చగా ఉండగానే వేళ్లతో విడదీయాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోసి మూత పెట్టాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి నీరై పడ్డ కష్టమంతా వృథా.

పుష్య, మాఘ, ఫాల్గుణాల పొడి గాలి దీనికి సరైన కాలం. మన జాతరలు చాలావరకు అప్పుడే. పాలకుర్తిలో సోమేశ్వరుడి దగ్గర, కురవిలో వీరభద్రస్వామి దగ్గర మహాశివరాత్రికి, రేగొండ మండలం కొడవటంచలో లక్ష్మీనరసింహస్వామి దగ్గర ఫాల్గుణంలో జనం కూడతారు. జాతర అంగడి అంటే బొంగు పేలాలు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరాల కుప్పలు కళ్లకు కట్టాల్సిందే. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ జరిగే మేడారం జాతరలో బెల్లమే బంగారం. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది, 2019లో ములుగు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లింది. భూపాలపల్లి వాళ్లు మాత్రం సమ్మక్క సారలమ్మలను తమ తల్లులుగానే తలుస్తారు. నిలువెత్తు బంగారం మొక్కు తీర్చుకుని, గద్దెల దగ్గరి నుంచి తెచ్చుకున్న బెల్లం ముక్కను ఇరుగుపొరుగుకు పంచుతారు.

బతుకమ్మ నాటికి వానలు తగ్గుతాయి కానీ నేల ఇంకా చెమ్మగానే ఉంటుంది. అప్పటి ఫలహారాలు కూడా దానికి తగ్గట్టే. రెండో రోజు అటుకుల బతుకమ్మకు అటుకులూ బెల్లం, సద్దుల బతుకమ్మకు మలీద, వేయించిన మక్కలు, పల్లీలు, నువ్వులతో సత్తుపిండి. అటుకులు అసలే మెత్తనివి, సత్తు పొడి. చెరువు గట్టున చేతిలో పెట్టి పంచుకోవడానికీ వీలు.

పేలాలది పండుగ ఒక్కటే కాదు. పెళ్లిలో లాజహోమానికి వధువు దోసిట్లో పోసేవి వడ్ల పేలాలు. మనిషి వెళ్లిపోయాక పాడె ముందు దారి పొడుగునా చల్లేవీ పేలాలే. ఇంతగా మన బతుకులో కలిసిపోయిన తిండిని చిల్లర తిండిగా చూడటం నాకు మనసొప్పదు.

పేలిన గింజకు తీపి పొర వేసుకోవడం మనకే పరిమితం కాదు. మెక్సికోలో తోటకూర జాతి గింజలను పేలించి తేనెతోనో బెల్లం పాకంతోనో అచ్చు పోస్తారు, దాన్ని అలెగ్రియా అంటారు. జపాన్‌లో పేలిన బియ్యానికి పాకం పట్టిన ఒకోషి ఉంది. చికాగోలో మక్క పేలాలు, పల్లీలు, చెరకు మొలాసిస్ కలిపి చేసినది 1896లో క్రాకర్ జాక్ పేరుతో అంగట్లోకి వచ్చింది. అమెరికన్ ఇళ్లలో క్రిస్మస్‌కు డబ్బా సీరియల్‌కు వెన్న, చక్కెర పట్టించి గిన్నెల్లో పోసి అతిథుల ముందు పెడతారు. అక్కడి మన పిల్లలకు అది తెలిసినంతగా జొన్న పేలాలు తెలియవు. పాకంలో చేయి తిరిగినవాళ్లు ఒకసారి జొన్న పేలాలు చేసి పెడితే చాలు, వాటి గిన్నే ముందు ఖాళీ అవుతుందని నా ధీమా.

ఆరోగ్యం మాట కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జొన్నలో పీచు ఉంది, నూటికి పది పాళ్ల దాకా మాంసకృత్తులున్నాయి, గ్లూటెన్ లేదు. పల్లీలు, నువ్వులు కలిస్తే ఇంకా బలం. కానీ బెల్లం అంటే చక్కెరే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు బెల్లం కదా అని గుప్పిళ్లకు గుప్పిళ్లు తినకూడదు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ జొన్న మీద పనిచేస్తున్నాయి. ఇంత దగ్గర్లో ఇంత పని జరుగుతున్నా, మన మూడు జిల్లాల చేలలో కనిపించేది పత్తి, వరి, మక్క, మిర్చి. తొలి ఏకాదశి పేలాలు కూడా చాలా ఇళ్లలో మక్క పేలాలైపోయాయి. మక్క పేలాలు రుచిగానే ఉంటాయి, తప్పులేదు. కానీ వాటి పొట్టు పళ్లలో ఇరుక్కుంటుంది. జొన్న పేలం చిన్నది, పొట్టు పల్చన, పాకం చుట్టూ సమంగా పడుతుంది, ముసలివాళ్లకు కూడా నమలడం తేలిక. అంగట్లో దొరికే జొన్నల్లో పెద్దగా, తెల్లగా, పిండి ఎక్కువగా ఉన్నవి రొట్టెకు బాగుంటాయి, పేలవు. చిన్నగా, గట్టిగా, నిగనిగలాడే నాటు గింజ ఇప్పుడు వెతుక్కుంటే తప్ప దొరకడం లేదు. పత్తి పెట్టే రైతులు ఈ వానాకాలం చేను పక్కన నాలుగు సాళ్లు ఆ నాటు జొన్న వేసి చూడమని అడుగుతున్నాను. పిట్టలు కొంత తింటాయి. మిగిలింది సంక్రాంతికి ఇంటికి సరిపోతుంది.