నిర్మల్ నలుపు తెలిసిన తెర

నిర్మల్ చిత్రాన్ని చూసినవాళ్లు ముందుగా అందులోని బంగారు రంగును మెచ్చుకుంటారు. నా ఓటు మాత్రం దాని వెనక ఉన్న నలుపుకే. నకాషీ కళాకారుడు చెక్కను నున్నగా చేసి, డ్యూకో అనే పెయింటు నలుపు పరిచి, దాని మీద లేళ్లనూ హంసలనూ పూలకొమ్మలనూ పసిడి రంగులో నిలబెడతాడు. ఆ నలుపుకు లోతుంది కనుకనే లేడి మెడ వంపు మన వైపుకు వస్తుంది. ఇప్పుడు ఆ చిత్రం ఫొటోను కంప్యూటర్ తెర మీద తెరిచి చూడండి. పసిడి దాదాపు ప్రతి తెర మీదా పలుకుతుంది. నలుపు పలకదు. చాలా తెరల మీద బూడిద రంగుకు దిగిపోతుంది, మూలల్లో వెలిసిపోతుంది, లేడి చదునైపోతుంది. దుకాణంలో వరుసగా పెట్టిన మానిటర్లన్నీ వెలుగు చూపించి మురిపిస్తాయి. నలుపు చూపించమని అడిగినప్పుడు ఏది ఎంతటిదో తేలుతుంది.

కారణం తెర లోపలి ఏర్పాటులో ఉంది. ఎల్‌సీడీకి సొంత వెలుగు లేదు. వెనక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న ద్రవస్ఫటికాలు ఆ వెలుగును కొంత వదులుతాయి, కొంత ఆపుతాయి. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్ మీద పని చేస్తూ ఈ వింత స్థితిని గమనించాడు. ఆ పదార్థం నీళ్లలా పారుతుంది, అయినా లోపలి వరుస తప్పదు. ఆ వరుస ఎటు తిరిగి ఉంటుందన్న దాన్ని బట్టే ప్యానెల్ రకాలు. టీఎన్‌లో స్ఫటికాలు మెలి తిరిగి ఉంటాయి. చౌక, వేగం ఎక్కువ, కానీ కాస్త కింది నుంచి చూస్తే రంగులు తలకిందులవుతాయి. దాని గురించి ఇంతకంటే చెప్పను. 1996లో హిటాచీ తెచ్చిన ఐపీఎస్‌లో అవి గాజుకు సమాంతరంగా పడుకుని తిరుగుతాయి. అందుకే పక్క నుంచి చూసినా రంగు మాట తప్పదు. కానీ వెలుగును పూర్తిగా మూయడం దానికి చేతకాదు. మామూలు ఐపీఎస్‌లో తెలుపుకూ నలుపుకూ తేడా వెయ్యి రెట్లు: తెలుపు 250 నిట్లు (నిట్ అంటే వెలుగు కొలమానం) వెలిగితే నలుపు కూడా పావు నిట్ వెలుగుతుంది. వినడానికి చిన్న లెక్కే. రాత్రి లైటు తీసేసి నిర్మల్ చిత్రం చూస్తే ఆ పావు నిట్ పొగలా కమ్ముతుంది.

మూడో రకమైన వీఏలో స్ఫటికాలు గాజుకు నిట్టనిలువుగా నిలబడి దారి మూసేస్తాయి. తేడా మూడు వేల రెట్లకు పెరుగుతుంది, నలుపుకు పట్టు వస్తుంది. ఎదురుగా కూర్చుంటే ముచ్చటేస్తుంది. కాస్త పక్కకు జరిగితే మాత్రం చీకటి ఛాయల మధ్య తేడాలు మారిపోతాయి, ముదురు కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ద్రవస్ఫటికాలు చలికి మందగిస్తాయి. ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగిన ఉదయాన వీఏ తెర మీద నల్లని పేజీని జరిపితే, వేడెక్కే వరకూ అక్షరాల వెనక మరక లాంటి జాడ కాసేపు ఈడ్చుకుంటూ వస్తుంది.

ఇక ఓఎల్‌ఈడీ. అందులో ప్రతి చుక్కా తన దీపం తానే. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, అంతే. ఆ తెర మీద నిర్మల్ చిత్రం తెరిచి గదిలో లైటు ఆర్పితే తెర అంచు ఎక్కడుందో కనిపించదు. చెక్క నలుపు ఎక్కడ ముగిసిందో, గది చీకటి ఎక్కడ మొదలైందో చెప్పలేం. లేళ్లు ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడతాయి. గోడకు తగిలించిన అసలు చిత్రం కూడా ట్యూబులైటు కింద ఇంత నల్లగా ఉండదు. ఇది మూలానికి అన్యాయమా, మెరుగా అని వాదించుకోవచ్చు. నేను మాత్రం చూస్తూ ఉండిపోతాను. ఇంత సుఖానికి వెల కూడా ఉంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే కరీంనగర్ డీటీపీ సెంటర్‌లో పొద్దస్తమానం ఒకే మెనూ పట్టీ, ఒకే టూల్ బాక్స్ తెర మీద కదలకుండా ఉంటాయి. ఆ గుర్తులు ఏళ్ల మీద తెరలోనే ముద్ర పడిపోయే ప్రమాదం ఓఎల్‌ఈడీకి ఉంది. చాలా ఓఎల్‌ఈడీ మానిటర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలి చుక్కల అమరిక మామూలు వరుసలో ఉండదు కనుక సన్నని అక్షరాల అంచున రంగు చార కూడా కనిపించవచ్చు.

అంచుల మాట వచ్చింది కాబట్టి తెలుగు అక్షరం సంగతి. రోమన్ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ, అవి తెర గళ్లలో సరిగ్గా కూర్చుంటాయి. మన లిపి అంతా గుండ్రాలు. విండోస్‌లో 12 పాయింట్ల అక్షరానికి మామూలుగా దొరికేది 16 చుక్కల ఎత్తు. ‘స్త్రీ’ అని కొట్టండి. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, పక్క నుంచి చుట్టి వచ్చే రవత్తు, వీటన్నిటికీ పోగా మిగిలిన చోటులో ‘స’ ఇరుక్కుంటుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 చుక్కలే ఉంటాయి. అక్కడ వత్తు చిన్న నల్ల మచ్చ అవుతుంది, చదివేవాడు అలవాటు మీద పోల్చుకుంటాడు. విండోస్‌లోని పాత క్లియర్‌టైప్ పద్ధతి అంచుల్ని అడ్డంగా మాత్రమే నునుపు చేసేది. గుండ్రాల పైకప్పులూ అడుగులూ మెట్లు మెట్లుగా మిగిలేవి, ఆ నష్టం ఇంగ్లీషు కంటే తెలుగుకే ఎక్కువ.

27 అంగుళాల క్యూహెచ్‌డీలో అంగుళానికి 109 చుక్కలు, అదే కొలతలో 4కేకు 163. ఇక్కడొక ముచ్చట ఉంది. 27 అంగుళాల 4కే తెరను విండోస్‌లో 150 శాతానికి పెడితే తెర మీద పట్టే జాగా క్యూహెచ్‌డీ అంతే. ఒక్క అక్షరం కూడా అదనంగా పట్టదు. ప్రతి అక్షరాన్నీ రెండుంబావు రెట్ల చుక్కలతో గీస్తుంది, అంతే. డబ్బు దండగ అనేవాళ్లున్నారు. వాళ్లను ‘లక్ష్మి’ అని రాసి చూడమంటాను. షవత్తు కడుపులో తెల్లని ఖాళీ తెరుచుకుంటుంది, మవత్తు కొస ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, పైనున్న గుడి విడిగా నిలుస్తుంది. తెలుగు అందమైనదని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ అందాన్ని తెర మీద చూడడానికి చాలాకాలం పట్టింది.

ఈ పరీక్షకే మరో మెట్టు కరీంనగర్ వెండి ఫిలిగ్రీ. ఎలగందుల నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండిని కమ్మచ్చులో లాగి సన్నని తీగ తీస్తారు, రెండు తీగల్ని కలిపి మెలివేసి, అణచి, మందపాటి చట్రం లోపల చుట్టలుగా పేర్చి అతుకుతారు. అత్తరుదానీ ఫొటోను దగ్గరగా చూస్తే ప్రతి తీగ అంచునా ఆ మెలి పూసల వరుసలా మెరుస్తుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద అత్తరుదానీ మొత్తాన్ని ఒక్కసారి చూపిస్తే పూసలు పోయి బూడిద గీత మిగులుతుంది. వలలాంటి పని ఉన్నచోట లేని అలలు పుడతాయి. 4కే మీద మెలి తిరిగి వస్తుంది. తెర పూత కూడా ఇక్కడే బయటపడుతుంది. ముతక మ్యాట్ పూత వెండి మీద ఇసుక చల్లినట్టు చేస్తుంది. నున్నని గాజు వెండికీ నిర్మల్ నలుపుకూ ప్రాణం పోస్తుంది గానీ, వెనక కిటికీ ఉంటే కళాఖండంతో పాటు మీ ముఖం కూడా కనిపిస్తుంది.

రంగు సంగతికి చిత్రకారుడు తోట వైకుంఠం చాలు. 1942లో వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో పుట్టిన ఆయన గీసిన తెలంగాణ స్త్రీల నుదుటి కుంకుమ, చీర ఎరుపు, ఒంటి చామనఛాయ, ఈ మూడూ పక్కపక్కన నిలవాలి. 1996 నాటి ఎస్‌ఆర్‌జీబీ రంగుల కొలతలో ఎరుపు కాస్త నారింజ వైపు మొగ్గుతుంది. దానికంటే విశాలమైన పీ3 కొలత వరకూ వెళ్లే తెరకు ఎరుపులో లోతెక్కువ. అయితే అదుపు లేని విశాలత మంచిది కాదు. మామూలు ఫొటోను కొలత సరిచూడకుండా పీ3 తెర మీద వదిలేస్తే కుంకుమ మండుతుంది, చామనఛాయ ఇటుక రంగవుతుంది, వైకుంఠం సినిమా పోస్టరవుతాడు. పెట్టె మీద రాసిన రంగుల శాతం కన్నా తెరలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందా, ఉంటే సరిగ్గా ఉందా అన్నది ముఖ్యం.

కొలత గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 27 అంగుళాల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, 32 అంగుళాలది 71. కన్ను అరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటే అంగుళానికి 145 చుక్కలు దాటాక విడివిడి చుక్కలు మామూలు చూపుకు అందవు. 27 అంగుళాల 4కే ఆ గీత దాటింది, 32 అంగుళాలది 138తో దాని దగ్గర ఆగింది. 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దు. అక్షరానికి అది అవమానం.

అక్షరం మాట తెలుగుతోనే ఆగదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో రాతప్రతుల్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. నిన్నటి దాకా కాగితం మీదే ఉన్న అక్షరాన్ని ఒక పిల్లవాడు మొదటిసారి తెర మీద నేర్చుకుంటున్నాడంటే, ఆ వంపు వాడికి మచ్చలా కనిపించకూడదు.

నా తీర్పు ఇది: రాతకూ పత్రికల పనికీ 27 అంగుళాల 4కే ఐపీఎస్, రాత్రిళ్లు ఒంటరిగా బొమ్మలు చూసేవారికి వీఏ, చేతిలో డబ్బూ, తెర ఆర్పే అలవాటూ ఉన్నవారికి ఓఎల్‌ఈడీ. కొనడానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒక నిర్మల్ చిత్రం, ఒక ఫిలిగ్రీ ఫొటో, ఒక వైకుంఠం బొమ్మ, ఒక తెలుగు పేజీ వేసుకుని వెళ్లండి. దుకాణంలో లైటు ఆర్పమని అడగడానికి మొహమాటపడకండి.